ఆకుతోట రైతు కొడుకు

గుంటూరు జిల్లాలో పొన్నూరు వైపు ఒక ఊళ్లో ఒక ఆకుతోట రైతు ఉండేవాడు. ఆయనకున్నది ఎకరంన్నర నేల. అందులో ఎకరం తమలపాకు తోట. తాతల నాటి నుంచి ఆ ఇంట్లో అదే సేద్యం.

వరి వేసినవాడు పొలానికి వెళ్లొస్తుంటే సరిపోతుంది గాని, ఆకుతోట వేసినవాడు తోటలోనే బతకాలి. ముందు అవిశ గింజలు సాళ్లుగా చల్లాలి. ఆ మొక్కలు నడుమెత్తు దాటాక వాటి మొదళ్ల దగ్గర తీగ ముక్కలు నాటాలి. తీగ సాగేకొద్దీ దాన్ని అవిశ చెట్టుకు కట్టుకుంటూ పోవాలి. నీళ్లు కొద్దికొద్దిగా, తరచుగా పెట్టాలి. తీగ మొదళ్ల దగ్గర నీరు నిలిచిందా, వేరు కుళ్లుతుంది. గాలి కొట్టకుండా చుట్టూ దడి కట్టుకోవాలి. ఇవేవీ ఆయనకు ఒకరు కూర్చోబెట్టి నేర్పలేదు. చూస్తూ పెరిగాడు, పట్టుబడ్డాయి. చుట్టుపక్కల ఎవరి తోట వాడిపోయినా ముందు ఆయన్నే పిలిచేవారు. ఆయన వెళ్లి ఆకు తిరగేసి చూసేవాడు, మొదలు దగ్గర మట్టి గోకి వేరు చూసేవాడు, కారణం చెప్పి వచ్చేవాడు. ఆయన మాట తప్పిందని ఎవరూ అనగా వినలేదు.

ఆయనకు ఒక్కడే కొడుకు. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. మాటకారి. బడిలో జరిగిందంతా సాయంత్రం ఇంటికొచ్చి నాయనమ్మకు పూసగుచ్చినట్టు చెప్పేవాడు. రాత్రి ఆమె మంచం పక్కనే మంచం వాల్చుకుని పడుకునేవాడు. పక్కింటి కుర్రాడొకడు ఎప్పుడూ వెంట ఉండేవాడు. ఇద్దరూ కలిసి కాలవలో ఈత నేర్చుకున్నారు, కలిసే వాలీబాల్ ఆడేవారు. ధనుర్మాసం వస్తే రామాలయం భజనలో తాళం వేసేది ఈ పిల్లవాడే.

తనలాగా కొడుకు నడుం వంచి బతకకూడదని రైతు కోరుకున్నాడు. ఆ కోరికలో తప్పు లేదు. ధర పలకని ఏడు పండిన ఆకును కోత కూలి దండగని తోటలోనే వదిలేసిన మనిషికి అంతకంటే వేరే కోరిక ఎలా ఉంటుంది?

ఆరో తరగతిలో పిల్లవాణ్ని పట్నంలో ఇంగ్లీషు మీడియం స్కూల్లో వేశారు. బస్సు పొద్దున ఏడింటికి వచ్చేది, చీకటి పడ్డాక దించేది. పక్కింటి కుర్రాడు ఊరి బడిలోనే ఉండిపోయాడు. కొత్త బళ్లో ఏదైనా అడగాలంటే ఇంగ్లీషులోనే అడగాలి. మాట వెతుక్కునేలోపు పాఠం దాటిపోయేది. నలుగురు నవ్వాక అడగడం మానుకున్నాడు. ఇంటికొచ్చి నాయనమ్మకు చెప్పే కబుర్లూ ఆ ఏడే తగ్గాయి. పిల్లవాడు బుద్ధిమంతుడయ్యాడని రైతు సంతోషించాడు.

ఎనిమిదిలో ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు మొదలయ్యాయి. వాటికోసం వాలీబాల్ ఆగింది. ఆట ఎప్పుడైనా ఆడుకోవచ్చు, చదువుకునే వయసు మళ్లీ రాదని రైతు అన్నాడు. తొమ్మిదిలో నాలుగున్నరకే అలారం పెట్టారు. పదో తరగతి ఏడు ధనుర్మాసం పరీక్షల ముందు వచ్చిందని భజనకు పంపలేదు. నాయనమ్మకు రాత్రి పది దాకా సీరియళ్లు చూసే అలవాటు. ఆ చప్పుడుకు పిల్లవాడి చదువు పాడవుతుందని ఆమెను తెనాలిలో కూతురి ఇంటికి పంపారు. పరీక్షలు కాగానే తీసుకొద్దామనుకున్నారు. తర్వాత ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు.

పదిలో పిల్లవాడికి మంచి మార్కులొచ్చాయి. స్కూలు వాళ్లు వేసిన ఫ్లెక్సీలో వాడి ఫొటో కూడా ఉంది. చేసిందంతా సరైనదేనని రైతుకు ధైర్యం వచ్చింది.

ఇంటర్ ఎంపీసీకి విజయవాడలో హాస్టలున్న కాలేజీలో చేర్చారు. ఫీజు కోసం రైతు అప్పు చేశాడు. ఎంత తెచ్చాడో, ఎంత వడ్డీకి తెచ్చాడో కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ చెప్పాడు. బాధ్యత తెలుస్తుందనుకున్నాడు. ఆ అంకెలు పిల్లవాడు మర్చిపోలేదు.

హాస్టల్లో చదువు తెల్లవారుజామున మొదలై అర్ధరాత్రి దగ్గరపడేదాకా సాగేది. నిద్ర అయిదు గంటలు దాటేది కాదు. వారానికో పరీక్ష ఉండేది. దాని మార్కులను బట్టి సెక్షన్లు మార్చేవారు. పై సెక్షన్లో ఉన్నవాడు వచ్చే వారం కింది సెక్షన్లో ఉండొచ్చు. పిల్లవాడికి మొదటి నెలలో కర్నూలు వైపు కుర్రాడొకడు స్నేహితుడయ్యాడు. మూడో పరీక్షకు ఆ కుర్రాడు వేరే సెక్షన్‌కు, వేరే అంతస్తుకు వెళ్లిపోయాడు. మార్కులను బట్టి పిల్లల్ని ఇలా విడదీయకూడదని, అందరి ముందూ చిన్నబుచ్చకూడదని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చి చనిపోయిన ఒక విద్యార్థి తండ్రి నడిపిన కేసు అది. మన కథ అంతకు ముందు జరిగింది.

మొదట్లో వాడు మంచి ర్యాంకులే తెచ్చుకున్నాడు. దసరా తర్వాత జారడం మొదలైంది. ఆదివారం ఇంటికి చేసే ఫోను పొడిపొడిగా ముగిసేది. ఫోనెత్తగానే రైతు మార్కులు అడిగేవాడు, అవి చెప్పాక ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. పిల్లవాడికి తరచూ తలనొప్పి వచ్చేది, అన్నం సహించేది కాదు. వార్డెన్ కబురు చేస్తే రైతు వెళ్లి డాక్టరుకు చూపించాడు. రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు. బంధువుల్లో ఒకరు దిష్టి అన్నారు. ఒకరు సోమరితనం అన్నారు. ఇంకొకరు అంతా సెల్‌ఫోన్ మహిమ అన్నారు. పిల్లవాడు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు రాత్రిళ్లు ఫోను చూడటం నిజమే. రైతు ఆ ఫోను తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. కర్నూలు కుర్రాడితోనూ, పక్కింటి కుర్రాడితోనూ వాడు మాట్లాడేది ఆ ఫోనులోనేనని రైతుకు తెలియదు.

సంక్రాంతికి కొడుకు ఇంటికి వచ్చాడు. భోగి మంట దగ్గరకు రాలేదు. అరిసెలు ముట్టుకోలేదు. రాత్రంతా మేలుకుని, తెల్లారాక పడుకునేవాడు. తల్లి ఏదైనా అడిగితే ఏం లేదనేవాడు. వీడు మునుపటి పిల్లాడు కాదని ఆమె భర్తతో రెండుసార్లు అంది. చదువు ఒత్తిడి అందరికీ ఉంటుందని ఆయన కొట్టిపారేశాడు. కనుమ మర్నాడు బస్సెక్కించాలని టికెట్ కూడా తీసి ఉంచాడు.

ఆ రోజు పొద్దున్నే పక్క చేను కుర్రాడు వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, కరోనా కాలంలో ఊరికొచ్చి, ఇక్కడే ఉండిపోయినవాడు. అర ఎకరంలో ఆకుతోట వేశాడు. తీగ ముక్కలు ఇచ్చింది రైతే. ఇప్పుడు తోటంతా కూలిపోతోందని, ఎండు తెగులేమో వచ్చి చూడమని బతిమాలాడు. రైతు కండువా వేసుకుని వెంట వెళ్లాడు.

తోట చూసి ఆయన మనసు చివుక్కుమంది. తీగలన్నీ కుప్పలుగా నేలమీద పడి ఉన్నాయి. ఆకు గాలికి చీలికలై ఉంది. ఆయన అలవాటు ప్రకారం ఆకు తిరగేసి చూశాడు. మచ్చ లేదు. మట్టి గోకి వేరు చూశాడు. తెల్లగా, ఆరోగ్యంగా ఉంది. మందుల షాపువాళ్లు చెప్పినవన్నీ కొట్టి చూశానని కుర్రాడు చెప్పాడు. రైతు లేచి నిలబడి చుట్టూ చూశాడు. అప్పుడు అడగడం మొదలుపెట్టాడు.

కుర్రాడు ఏమీ దాచుకోలేదు. వేసిన ఎరువంతా అవిశ చెట్లు తినేస్తున్నాయని, ఆకుకు ఎండ రానివ్వడం లేదని లెక్క వేసి, చెట్టు విడిచి చెట్టు కొట్టేశాడు. తీగకు ఏమీ కాలేదు. పైగా ఆ నెల ఆకు వెడల్పుగా, నిగనిగలాడుతూ వచ్చింది, మంచి ధర పలికింది. గట్టు మీద నుంచి అది చూసి అప్పట్లో రైతే కాస్త అసూయపడ్డాడు. ఆ ఉత్సాహంతో కుర్రాడు మిగిలిన చెట్లలోనూ సగం తీసేశాడు. దడి మళ్లీ కట్టించడం ఖర్చని వదిలేశాడు. తీగ కట్టే కూలీలను నెలన్నరకోసారి పిలిచాడు. మిగిలిన డబ్బుతో యూరియా పెంచాడు, నీళ్లు పెంచాడు. తీగ బరువెక్కింది.

రైతుకు కోపం వచ్చింది. వేళ్లు మడుస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. మొదట సగం చెట్లు, తర్వాత మిగిలినవాటిలో సగం, ఆ తర్వాత దడి, ఆ తర్వాత కట్లు. వీటిలో ఏ ఒక్కటి పోయినా తోట తట్టుకునేదని చెప్పాడు. అన్నీ ఒకదాని వెనక ఒకటి తీసేసి, పైగా బరువు పెంచితే తీగ దేన్ని పట్టుకుని నిలబడుతుందని కేకలేశాడు. తీగకు జబ్బేమీ లేదని, అది తన తోటలోని తీగేనని, నిక్షేపంలాంటి విత్తనమని అన్నాడు.

కుర్రాడు తలొంచుకుని విన్నాడు. తీగ మేలు కోసమే ప్రతిదీ చేశానని చెప్పాడు. ఒకటి తీసినప్పుడల్లా తీగ నిలబడే ఉండటంతో, అది అక్కర్లేనిదేననుకున్నానన్నాడు.

ఆ మాటకు రైతు దగ్గర జవాబు లేదు. మడిచిన వేళ్లు మడిచినట్టే ఉండిపోయాయి. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ముందు వెదుళ్లు పాతి తీగను వాటికి ఎత్తి కట్టమని, సాళ్ల మధ్య మళ్లీ అవిశ గింజలు వేయమని, ఏడాది ఓపిక పట్టమని చెప్పి బయల్దేరాడు. దారిలో రచ్చబండ దగ్గర ఎవరో పలకరించినా ఆయనకు వినబడలేదు.

ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో కొడుకు రఫ్ నోట్సు ఉంది. చివరి పేజీలో ఒక మూల చిన్న అక్షరాలతో, తాను లేకపోతే ఈ ఇంటి అప్పు తీరుతుందని రాసుకున్నాడు.

ఆ పూట బస్సెక్కించలేదు. రైతు కొడుకు పక్కన కూర్చున్నాడు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడిగాడు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని తల్లి భయపడింది. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ఉన్నదాన్ని చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. పిల్లవాడు చాలాసేపటికి తలూపాడు. తర్వాత ఏడ్చాడు. ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా వదల్లేదు. ఊళ్లో ఆశా కార్యకర్త చెప్పగా 14416కు ఫోన్ చేశారు. మనసు బాగోలేనివారి కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు అది. ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. అవతల మాట్లాడిన మనిషి పిల్లవాడు చెప్పేది తొందరపెట్టకుండా విని, మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని చెప్పాడు.

గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడు కొడుకుతో విడిగా మాట్లాడాడు, తర్వాత తల్లిదండ్రులతో మాట్లాడాడు. ఇది డిప్రెషన్ అని చెప్పాడు. సోమరితనం కాదని, దిష్టి కాదని, పెంపకంలో ఏదో ఒక్క తప్పు వల్ల వచ్చింది కూడా కాదని చెప్పాడు. కుటుంబంలో ఎవరికైనా ఇలా ఉండేదా అని అడిగితే, తన తమ్ముడు ఒకప్పుడు ఏడాదిపాటు గదిలోంచి బయటకు రాలేదని తల్లి మొదటిసారి నోరు విప్పింది. కొందరికి అది ఒంట్లోనే కొంత ఉంటుందని, దానిమీద నిద్రలేమి, ఒంటరితనం, పోలిక, భయం చేరితే ముదురుతుందని డాక్టరు వివరించాడు. ఈ వయసులో ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని చెప్పాడు. 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య కనిపించిందని, మీ అబ్బాయి ఒక్కడే కాదని ధైర్యం చెప్పాడు. మందులు రాశాడు. వారం వారం కౌన్సెలింగ్‌కు రమ్మన్నాడు. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో ఆపొద్దని గట్టిగా చెప్పాడు.

తిరిగి వచ్చేటప్పుడు రైతు తిన్నగా ఇంటికి రాలేదు. తెనాలిలో దిగి తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె మంచం మళ్లీ మనవడి మంచం పక్కన పడింది. నాలుగున్నర అలారం తీసేశారు. బీరువాలోంచి ఫోను బయటికొచ్చింది, రాత్రి తొమ్మిది తర్వాత ఎవరూ ఫోను ముట్టకూడదని ఇంటిల్లిపాదీ మాట అనుకున్నారు. రైతు కూడా అందుకు కట్టుబడ్డాడు. విజయవాడ కాలేజీ మాన్పించి, పట్నంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేర్చారు. కట్టిన ఫీజు వెనక్కి రాలేదు. ఆ కాలేజీలో లెక్కల లెక్చరర్ తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పేవాడు.

అప్పు సంగతి రైతు మళ్లీ కొడుకుతో మాట్లాడాడు. ఈసారి ఇంకోలా మాట్లాడాడు. తోట లేని అర ఎకరం కౌలుకిచ్చానని, అప్పు తీర్చే దారి తనకు తెలుసునని, అది తండ్రి పని గాని కొడుకు పని కాదని చెప్పాడు. ఈ మాట చెప్పడానికి ఆయన చాలా కష్టపడ్డాడు. మన తండ్రులకు కొడుకు ముందు ప్రేమ చూపించడం కంటే అప్పు చూపించడం తేలిక.

అన్నీ తిరిగి రాలేదు. పక్కింటి కుర్రాడు అప్పటికి ఐటీఐలో చేరి వెళ్లిపోయాడు, నెలకోసారి వచ్చేవాడు. వచ్చినా ఇద్దరికీ మాటలు కలవడానికి సమయం పట్టింది. రైతు కొడుకు చదువులో ఒక ఏడాది వెనకబడ్డాడు. కొన్ని వారాలు బాగుండేవాడు, మళ్లీ ఏ కారణమూ లేకుండా మంచం దిగేవాడు కాదు. అలాంటి రోజుల్లో నాయనమ్మ ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని వక్కలు కత్తిరించుకుంటూ ఉండేది. బంధువులు ఫోన్ చేసి, పిల్లవాడి జీవితం పాడుచేసుకున్నారని సలహాలిచ్చారు. రైతు విని ఊరుకున్నాడు.

మళ్లీ ధనుర్మాసం వచ్చింది. పిల్లవాడు భజనకు వెళ్లాడు, కానీ తాళం వేయలేదు, వెనక కూర్చుని వచ్చేశాడు. ఆ వేసవిలో వాలీబాల్ ఆడి ఒకరోజు బాగా పొద్దుపోయి ఇంటికొచ్చాడు. రైతు కేకలేశాడు. కొడుకు తగ్గలేదు, ఎదురు మాట్లాడాడు, ఇద్దరూ వాకిట్లో నిలబడి గట్టిగా పోట్లాడుకున్నారు. లోపల అన్నం వడ్డిస్తున్న తల్లికి ఆ గొడవ వింటుంటే ప్రాణం లేచొచ్చింది. వాడు అంత గట్టిగా మాట్లాడగా ఆమె విని చాలా కాలమైంది.

నీతి: ఎదిగే పిల్లల మనసు కుంగినప్పుడు మనం ఒక్క కారణం కోసం వెతుకుతాం, దొరికిందనుకుంటే ఆ పేరుతో వాళ్ల దగ్గర్నుంచి ఇంకొకటి లాక్కుంటాం. వాళ్లను నిలబెట్టేవి నిద్ర, స్నేహం, ఆట, సొంత భాష, పక్కన ఒక పెద్ద మనిషి, మన అప్పులతో, ఆశలతో బరువెక్కని బాల్యం; చదువుకు అడ్డమని మనం ఒక్కొక్కటిగా తీసేసేవీ ఇవే. మీ ఇంట్లో పిల్లవాడు మాట తగ్గిస్తే, వాడిలో లోపం వెతికే ముందు ఇన్నేళ్లలో వాడి దగ్గర్నుంచి ఏమేమి తీసేశారో లెక్కపెట్టుకోండి, వాణ్నే నేరుగా అడగండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడానికి సిగ్గుపడకండి.